మా వివాదానికి మధ్యవర్తిని ఎంచుకున్న క్రమం: నా అనుభవం

ఇద్దరం కలిసి పెట్టిన ప్రింటింగ్ ప్రెస్సు నుంచి ఎవరి దారి వారు చూసుకోవాలని నేనూ నా భాగస్వామీ అనుకున్నప్పుడు, విడిపోవడం విషయంలో మాకు పేచీ ఏమీ లేదు. యంత్రాలు ఎవరికి, పాత ఖాతాదారులు ఎవరికి, సంస్థ పేరు ఎవరు వాడుకోవాలి, చాలాకాలంగా మా దగ్గర పనిచేస్తున్నవారి బాధ్యత ఎవరిది అన్న చోట మాత్రం మాట ముందుకు సాగలేదు. కోర్టుకు వెళితే కేసు తేలేలోపు ప్రెస్సు మూతపడుతుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి, మా న్యాయవాదులు మధ్యవర్తిత్వం (మీడియేషన్) సూచించగానే ఇద్దరం ఒప్పుకున్నాం. చిక్కు ఆ తర్వాత మొదలైంది. మా చేతికి వచ్చిన మధ్యవర్తుల జాబితాలో ఒక విశ్రాంత న్యాయమూర్తి, కంపెనీ వ్యవహారాలు చూసే ఒక న్యాయవాది, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, ఒక మనస్తత్వ నిపుణురాలు, కార్మిక శాఖలో సయోధ్య అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకాయన, ఒక సివిల్ ఇంజినీరు, ఒకప్పుడు నర్సుగా పనిచేసిన ఒక మహిళ ఉన్నారు. అందరి పేర్ల పక్కనా శిక్షణ పొందిన మధ్యవర్తి అనే రాసి ఉంది. ఇంత వేర్వేరు వృత్తుల నుంచి వచ్చినవారు ఒకే పని ఎలా చేస్తారో, వారిలో మా తగవుకు తగినవారు ఎవరో తేల్చుకోవడానికి మేము చేసిన ప్రయత్నాన్ని, అందులో నాకు అర్థమైన సంగతులను ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి జాబితా చేతిలో పట్టుకుని ఆలోచనలో పడినవారికి ఇది ఉపయోగపడాలని నా కోరిక.

మొదట మేమిద్దరం జాబితాను చదివిన తీరు వేరు. నా భాగస్వామి చూపు నేరుగా న్యాయమూర్తి పేరు మీద ఆగింది. తప్పొప్పులు తూచడం అలవాటైన మనిషి ముందు కూర్చుంటే ఎవరి వాదనలో బలముందో వెంటనే తేలిపోతుందని ఆయన ఉద్దేశం. నేను అకౌంటెంటు వైపు మొగ్గాను. మా గొడవంతా ఆస్తుల విలువ మీదే నడుస్తోంది కాబట్టి లెక్కలు తెలిసినవారే కావాలని నాకు అనిపించింది. కొంచెం ఆలోచిస్తే, ఇద్దరమూ తీర్పు చెప్పే మనిషి కోసమే వెతుకుతున్నాం. మధ్యవర్తి తీర్పు చెప్పరు. ఆర్బిట్రేషన్‌లో కూర్చున్నవారు ఇచ్చే నిర్ణయానికి ఇరుపక్షాలూ కట్టుబడి ఉండాలి. మీడియేషన్‌లో మధ్యవర్తికి ఆ అధికారమే ఉండదు. మాట్లాడుకునే క్రమాన్ని నడిపించడం, ఎవరికి నిజంగా ఏం కావాలో బయటికి రప్పించడం, ఇరువురూ ఒప్పుకోగల మార్గాలను వారి నోటితోనే చెప్పించడం వారి పని. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పూర్తిగా మన చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి మా న్యాయవాదులు ముందే చెప్పారు. అయినా ఎవరిని పిలవాలన్న ప్రశ్న వచ్చేసరికి మా మనసు మళ్లీ తీర్పు వైపే పోయింది.

అందుకే పేర్లు పక్కన పెట్టి, ఈ వృత్తిలోకి మనుషులు ఎలా వస్తారో తెలుసుకోవడానికి కొంత చదివాను. చాలా చోట్ల మధ్యవర్తి కావడానికి న్యాయశాస్త్ర పట్టా తప్పనిసరి కాదు. ఏదో ఒక వృత్తిలో కొంతకాలం పనిచేసినవారు ప్రాథమిక శిక్షణ తీసుకుంటారు. ఈ శిక్షణ చాలా చోట్ల 40 గంటల చుట్టూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం కల్పిత వివాదాలను నటించి చూపే అభ్యాసాలకే పోతుంది. ఆ తర్వాత అనుభవం ఉన్న మధ్యవర్తి పక్కన కూర్చుని గమనించడం, వారితో కలిసి కొన్ని కేసులు నడపడం, ఆపైన సొంతంగా చేపట్టడం అన్నది మామూలుగా కనిపించే వరుస. అంటే వైద్యుడో ఇంజినీరో కావడానికి పట్టే ఏళ్లతో పోలిస్తే ఈ శిక్షణ చాలా చిన్నది. అది అంత చిన్నదైనప్పుడు, ఆ మనిషి అంతకుముందు ఏళ్ల తరబడి చేసిన పని ఆయన చెవిని, నోటిని, ఓపికను ఎలా మలచిందన్నది సహజంగానే ఎక్కువ లెక్కకు వస్తుంది. జాబితాలో పాత వృత్తి ఎందుకు రాస్తారో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ రంగం చరిత్ర చూసినా అదే కనిపిస్తుంది: ఇది ఒక ఇంట పుట్టిన వృత్తి కాదు. అమెరికాలో 1913లో కార్మిక శాఖ ఏర్పడినప్పుడే పారిశ్రామిక వివాదాలలో సయోధ్య కుదిర్చేవారిని నియమించే అధికారం దానికి ఇచ్చారు. 1947లో అదే పనికి ఫెడరల్ మీడియేషన్ అండ్ కన్సిలియేషన్ సర్వీస్ అనే స్వతంత్ర సంస్థ ఏర్పడింది. అక్కడ పనిచేయడానికి కార్మిక సంఘాలలోనో, యాజమాన్యాల పక్షానో బేరసారాలు నడిపి రాటుదేలినవారు వచ్చారు. కుటుంబ వివాదాల వైపు వస్తే, 1970లలో అట్లాంటాలో ఒ.జె. కూగ్లర్ అనే ఆయన విడాకుల మధ్యవర్తిత్వానికి ఒక పద్ధతిని ఏర్పరిచారు. ఆయన న్యాయవాది, కుటుంబ సలహాదారు కూడా. ఆ రెండు వృత్తులూ ఒకే మనిషిలో కలిసి ఉండడం యాదృచ్ఛికం కాదని నాకనిపిస్తుంది, ఎందుకంటే భార్యాభర్తలు విడిపోయేటప్పుడు ఇల్లు ఎవరికన్న ప్రశ్నా, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నా ఒకే బల్ల మీదికి వస్తాయి. న్యాయస్థానాల వైపు నుంచి 1976లో ఒక పెద్ద కదలిక వచ్చింది. న్యాయవ్యవస్థ లోటుపాట్ల మీద అమెరికాలోని సెయింట్ పాల్ నగరంలో జరిగిన పౌండ్ సదస్సులో హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ శాండర్ మాట్లాడుతూ, ప్రతి తగవూ ఒకే న్యాయవిచారణ ద్వారం గుండా పోనవసరం లేదని, తగవు స్వభావాన్ని బట్టి మధ్యవర్తిత్వానికో ఆర్బిట్రేషన్‌కో మరో పద్ధతికో పంపే ఏర్పాటు ఉండాలని ప్రతిపాదించారు. న్యాయమూర్తులు, న్యాయవాదులు ఈ రంగంలోకి పెద్ద సంఖ్యలో రావడానికి ఆ ఆలోచన దారి వేసింది.

వివాదాలను శాస్త్రంగా చదివినవారి సంగతి మరీ వేరు. 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వివాద పరిష్కారం మీద ఒక పరిశోధనా పత్రిక మొదలైనప్పుడు దాని వెనుక ఉన్నవారిలో కెనెత్ బౌల్డింగ్ ఒకరు, ఆయన ఆర్థికశాస్త్రవేత్త. 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను స్థాపించిన యోహాన్ గాల్టుంగ్ గణితమూ సమాజశాస్త్రమూ చదివినవారు. దేశాల మధ్య, సైన్యాల మధ్య రాజీ కుదిర్చినవారిలోనూ ఈ వైవిధ్యం కనిపిస్తుంది. 2005లో ఇండొనేసియా ప్రభుత్వానికీ ఆ దేశంలోని అచే ప్రాంత స్వాతంత్ర్య పోరాట సంస్థకూ మధ్య ఒప్పందం కుదిర్చి, 2008లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మార్టి అహ్తిసారి ఫిన్లాండ్ అధ్యక్షుడిగా, దౌత్యవేత్తగా లోకానికి తెలుసు. కానీ ఆయన మొదట చదివింది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయ శిక్షణ. మొజాంబిక్ అంతర్యుద్ధాన్ని ముగించిన ఒప్పందం 1992 అక్టోబరు 4న రోమ్‌లో జరిగింది. దానికి మధ్యవర్తులుగా కూర్చున్న నలుగురిలో ఆండ్రియా రిక్కార్డి చరిత్రకారుడు, మత్తేయో జుప్పి మతగురువు, జైమి గొన్సాల్వెస్ మొజాంబిక్‌కు చెందిన ఆర్చ్‌బిషప్, మారియో రఫాయెల్లి రాజకీయ నాయకుడు. దౌత్యాన్నే ఉద్యోగంగా చేసుకుని బతికినవారు వారిలో ఒక్కరూ లేరు. మా ప్రెస్సు తగవు ఎక్కడ, ఆ యుద్ధాలు ఎక్కడ అని నాకూ తెలుసు. అయినా ఇవి చదివాక, నర్సుగా పనిచేసిన ఆవిడ పేరు జాబితాలో ఎందుకుందని నా భాగస్వామి అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. అన్ని పేర్లూ సమానంగా చూసి, అందరితోనూ ఒకసారి ఫోనులో మాట్లాడాకే నిర్ణయిద్దామని ఇద్దరం అనుకున్నాం.

ఫోనులో ఇద్దరమూ కలిసే మాట్లాడాం. ఒక పక్షం ఒంటరిగా మధ్యవర్తితో ముందే మాట్లాడితే రెండో పక్షానికి అనుమానం మిగులుతుంది కాబట్టి అలా చేశాం. ఆ సంభాషణలలో నేను గమనించింది ప్రధానంగా ఒకటే: మా కథ విన్నాక ఎవరు ముందుగా ఏం అడిగారన్నది.

విశ్రాంత న్యాయమూర్తి భాగస్వామ్య పత్రంలో రద్దుకు సంబంధించిన నిబంధన ఏముందని అడిగారు. చదివి వినిపిస్తే, రెండు నిమిషాలలో మా వివాదాన్ని అంశాలుగా విడదీసి, కోర్టుకు వెళితే ఏ అంశంలో ఎవరి వైపు మొగ్గు ఉండవచ్చో చెప్పారు. ఆ స్పష్టతకు నాకు గౌరవం కలిగింది. నా భాగస్వామి ముఖంలో తృప్తి కనిపించింది, కానీ తన వైపు బలహీనంగా ఉన్న అంశం దగ్గరికి వచ్చేసరికి ఆ తృప్తి తగ్గింది. మధ్యవర్తులలో రెండు ధోరణులు ఉంటాయని 1990లలో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు లెనార్డ్ రిస్కిన్ వివరించారు: వివాదం మీద తమ అంచనా చెప్పి పక్షాలను ఒప్పందం వైపు నడిపేవారు కొందరు, అంచనా చెప్పకుండా సంభాషణను మాత్రమే నడిపేవారు కొందరు. న్యాయమూర్తిగారు మొదటి తరహా మనిషి. ఆ తరహాలో లోపమేమీ లేదు. బీమా సొమ్ము గురించో, కాంట్రాక్టు ఉల్లంఘన నష్టపరిహారం గురించో తగవు పడి, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూడనవసరం లేనివారికి అలాంటి సూటి అంచనా ఎంతో మేలు చేస్తుంది. మాది అలాంటి తగవు కాదు. విడిపోయాక కూడా ఒకే వ్యాపారంలో, ఒకే ఖాతాదారుల మధ్య తిరగవలసినవాళ్లం మేము.

అకౌంటెంటు యంత్రాలు ఏ సంవత్సరంలో కొన్నారు, తరుగుదల ఏ పద్ధతిలో రాస్తున్నారు అని అడిగారు. ఇంజినీరు తన అనుభవం చాలావరకు నిర్మాణ కాంట్రాక్టుల వివాదాలలోనేనని, మాకు ఆయన అక్కరకు రాకపోవచ్చని తానే చెప్పారు. కార్మిక శాఖలో పనిచేసినాయన మా దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, వారికి ఈ విషయం తెలుసా అని అడిగారు. మిగతావారెవరూ అప్పటికి అడగని ప్రశ్న అది, నాకు గుర్తుండిపోయింది. మనస్తత్వ నిపుణురాలు మరో రకంగా మొదలుపెట్టారు. ఒకరి ఎదుట మరొకరు భయం లేకుండా మాట్లాడగలరా, ఎవరి మీదనైనా ఒత్తిడి ఉందా అని ఇద్దరినీ అడిగారు. ఆవిడ ఎక్కువగా కుటుంబ వివాదాలు చూస్తారు. అక్కడ హింస, బెదిరింపు వంటివి ఉన్నాయేమో ముందే తెలుసుకోవడం పద్ధతిలో భాగం, ఉంటే అసలు మధ్యవర్తిత్వమే తగకపోవచ్చు. మా మధ్య అలాంటిది లేదని తెలుసుకున్నాక, వ్యాపార వ్యవహారాలు తెలిసినవారిని తీసుకొమ్మని ఆవిడే సలహా ఇచ్చారు. కేసు వదులుకుంటూ ఇచ్చిన ఆ సలహా మాకు చాలా ఉపయోగపడింది.

న్యాయవాద మధ్యవర్తితో మాట్లాడినప్పుడు నేనే ఒక ప్రశ్న ముందుగా అడిగాను: మాట మధ్యలో మాకు న్యాయ సలహా ఇస్తారా? ఆయన ఇవ్వనన్నారు. చట్టం ఏం చెబుతుందో సమాచారంగా ఇద్దరి ఎదుటా చెప్పగలనని, ఎవరు ఏం చేయాలో చెప్పడం మాత్రం మా మా న్యాయవాదుల పనేనని వివరించారు. అమెరికాలో 1994లో రూపొందించి 2005లో సవరించిన మధ్యవర్తుల ప్రవర్తనా నియమావళిలో సరిగ్గా ఈ విషయమే ఉంది. మధ్యవర్తి పాత్ర ఇతర వృత్తుల పాత్రలకు భిన్నమైనదని, రెండింటినీ కలిపితే చిక్కు వస్తుందని, తన చదువూ అనుభవమూ ఇచ్చిన సమాచారాన్ని చెప్పవచ్చు గానీ ఏ పాత్రలో ఉన్నారో స్పష్టంగా వేరుచేసి చూపాలని ఆ నియమావళి చెబుతుంది. పాత వృత్తి ఎంత గొప్పదైనా, ఆ గదిలోకి వచ్చేటప్పుడు దాన్ని ఎంతవరకు లోపలికి తేవాలో తెలిసినవారే మంచి మధ్యవర్తి అని నేను నమ్ముతున్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసని ఆయన జవాబుతోనే తేలింది.

నర్సుగా పనిచేసిన ఆవిడ ఆసుపత్రిలో చాలాకాలం వార్డులలో ఉండి, తర్వాత రోగుల కుటుంబాలకూ ఆసుపత్రికీ మధ్య వచ్చే ఫిర్యాదులను సర్దుబాటు చేసే విభాగానికి మారి, అక్కడి నుంచి మధ్యవర్తిత్వ శిక్షణలోకి వచ్చారు. ఆవిడ మా కథ పూర్తిగా విని, కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఈ ప్రెస్సు మొదలుపెట్టినప్పుడు ఎవరు ఏ పని చూసేవారని అడిగారు. ఆ ప్రశ్నకు నా భాగస్వామి చాలాసేపు జవాబు చెప్పారు. యంత్రాల గురించి ఆయన, ఖాతాదారుల గురించి నేను, రాత్రిపూట బైండింగు దగ్గర ఇద్దరమూ. మా తగవు మొదలయ్యాక ఆయన నా గురించి ఒక మంచి మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఫోను పెట్టేశాక మేము ఒక నిర్ణయానికి వచ్చాం, అదే ఈ అనుభవం మొత్తంలో నేను అందరికీ చెప్పదలచుకున్నది. విషయ పరిజ్ఞానాన్ని బయటి నుంచి తెచ్చుకోవచ్చు. మాట నడిపే నేర్పు మాత్రం మధ్యలో కూర్చున్న మనిషిలోనే ఉండాలి. యంత్రాల విలువ కట్టడానికి అకౌంటెంటును మధ్యవర్తిగా కూర్చోబెట్టనవసరం లేదు. ఇద్దరమూ ఒప్పుకుని తటస్థ నిపుణుడిగా నియమించుకుంటే చాలు, ఆయన నివేదిక ఇద్దరి ఎదుటా ఉంటుంది. అలాగే చేశాం. మధ్యవర్తులుగా న్యాయవాదినీ, నర్సుగా పనిచేసిన ఆవిడనూ జంటగా కోరాం. ఇలా ఇద్దరు కలిసి నడపడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. విడాకుల వివాదాలలో న్యాయవాదినీ మానసిక సలహాదారునూ కలిపి కూర్చోబెట్టే అలవాటు చాలాకాలంగా ఉంది. ఖర్చు పెరుగుతుందని నా భాగస్వామి సందేహించారు. ఇద్దరు మధ్యవర్తులలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మా ముఖాలు గమనించగలరని, ఒకరికి వినబడనిది మరొకరికి వినబడుతుందని నేను చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

మొదటి ఉమ్మడి సమావేశంలో నియమాలు చెప్పారు. గదిలో మాట్లాడినది బయటికి పోదు, తర్వాత కోర్టుకు వెళ్లవలసి వచ్చినా దాన్ని సాక్ష్యంగా వాడుకోకూడదు. విడివిడి సమావేశంలో ఒకరు చెప్పినదాన్ని వారి అనుమతి లేకుండా రెండోవారికి చెప్పరు. ఎవరైనా ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత ఎవరి వాదన వారు చెప్పుకోవడం, పత్రాలు చూపడం, మధ్యమధ్యలో గొంతులు పెరగడం వంటివన్నీ అందరి తగవులలో జరిగేవే కాబట్టి వివరంగా రాయడం లేదు.

పాత ఆఫ్‌సెట్ యంత్రం దగ్గర మాత్రం మేము గట్టిగా ఆగిపోయాం. మా దగ్గర రెండు యంత్రాలున్నాయి. కొత్తది పెద్దది, వేగంగా పనిచేస్తుంది. పాతది పుస్తకాల ప్రకారం తరుగుదల పూర్తయి విలువ దాదాపు ఏమీ లేనిది. మార్కెట్లో మాత్రం ఇంకా కొంత ధర పలుకుతుందని అకౌంటెంటు నివేదికలో రాశారు. పెద్ద యంత్రం నేను తీసుకుని, దానికి తగ్గ సొమ్ము ఆయనకు చెల్లించి, పాతదాన్ని అమ్మి ఆ డబ్బు చెరిసగం పంచుకుందామన్నది నా ప్రతిపాదన. లెక్క ప్రకారం అది ఆయనకు లాభమే. అయినా ఆయన ససేమిరా అన్నారు. పాతదాన్ని అమ్మడానికి వీల్లేదన్నారు. ఎందుకని అడిగితే ఇంకా బాగా నడుస్తోందన్నారు. దాన్ని మీరే తీసుకొమ్మంటే దాన్ని పెట్టుకునే స్థలం తన దగ్గర లేదన్నారు. న్యాయవాద మధ్యవర్తి దీన్ని మరో రెండు రకాలుగా అడిగి చూశారు, జవాబు మారలేదు.

అప్పుడు నర్సుగా పనిచేసిన ఆవిడ విరామం ఇద్దామన్నారు. అందరం లేచాం. నా భాగస్వామి కుర్చీ వెనక్కి జరుపుతూ, దాన్ని అమ్మేస్తే ఆయన ఏమైపోతాడు అని, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు. న్యాయవాది అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నారు. ఆవిడ మాత్రం నిలబడే, ఎవరండీ ఆయన అని అడిగారు. పాత యంత్రం నడిపే ఆపరేటరు. ప్రెస్సు పెట్టినప్పటి నుంచి ఉన్న మనిషి, కంప్యూటరుతో నడిచే కొత్త యంత్రం మీదికి మారలేకపోయినవాడు. కొత్తది నాతో వస్తే, పాతది అమ్ముడైతే, ఆ మనిషికి పని ఎక్కడా ఉండదు. ఆ భయం నా భాగస్వామి మనసులో అంతకాలంగా ఉంది. అది లెక్కల బల్ల మీద పెట్టదగిన కారణం కాదనుకుని, యంత్రం బాగా నడుస్తోందని మాత్రమే చెబుతూ వచ్చారు.

ఆ రోజు సమావేశం ముగిశాక, ఆ మాట మీకు ఎలా పట్టుబడిందని ఆవిడను అడిగాను. వార్డులో పనిచేసేటప్పుడు రోగి అసలు భయం, మందులిచ్చి తాను వెనుదిరిగి తలుపు దాకా వెళ్లాక బయటపడేదని, అప్పటి నుంచి మాట అయిపోయిందనుకున్న క్షణంలో వచ్చే మాటనే ఎక్కువ శ్రద్ధగా వినడం అలవాటైందని ఆవిడ చెప్పారు. ఇది 40 గంటల శిక్షణలో చెప్పించుకుంటే వచ్చేది కాదు. మనుషుల దగ్గర ఏళ్లతరబడి నిలబడి పనిచేసినవారికి ఒంటబట్టే శ్రద్ధ ఇది. గత శతాబ్దం మొదటి భాగంలో సంఘర్షణల గురించి ఎంతో లోతుగా ఆలోచించిన మేరీ పార్కర్ ఫాలెట్ కూడా పుస్తకాల మధ్యే ఉండిపోయిన మనిషి కాదు, బోస్టన్‌లో సాముదాయిక కేంద్రాలలో పనిచేసినవారు. ఆమె చెప్పిన ఒక ఉదాహరణ ప్రసిద్ధం. గ్రంథాలయంలో ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు కిటికీ తెరవాలంటే ఇంకొకరు మూయాలన్నారు. చివరికి పక్క గదిలో కిటికీ తెరిచారు. తెరవమన్నవారికి కావలసింది గాలి, వద్దన్నవారికి కావలసింది ఉత్తరపు గాలి నేరుగా తమ మీద పడకుండా ఉండడం. ఇద్దరి కోరికా తీరింది, ఎవరూ సగం వదులుకోలేదు. పాత యంత్రం వెనుక ఉన్న మనిషి ఎవరో తెలిశాక మాకు కూడా పక్క గది దొరికింది. ఆపరేటరును జీతం తగ్గకుండా నేను తీసుకోవాలి, బైండింగు విభాగం పర్యవేక్షణ ఆయనకు అప్పగించాలి. పాత యంత్రాన్ని అమ్మేయాలి. నా భాగస్వామి ఒక్క షరతు పెట్టారు, అది ముందుగా ఆ మనిషినే అడగాలని. కార్మిక శాఖలో పనిచేసినాయన ఫోనులో అడిగిన ప్రశ్న నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఆపరేటరును అడిగాం, ఆయన ఒప్పుకున్నారు.

అలాగని ఆవిడ ఒక్కరే ఉంటే సరిపోయేదని నేను అనను. రాజీ ఒప్పందం రాసే దశకు వచ్చేసరికి న్యాయవాద మధ్యవర్తి విలువ తెలిసింది. పెద్ద యంత్రం కొనడానికి తీసుకున్న అప్పుకు ఇద్దరం హామీ సంతకాలు చేశాం. యంత్రం నాకు వచ్చింది కాబట్టి అప్పు నేనే తీరుస్తానని మేము రాసుకుంటే పని అయిపోయిందని ఇద్దరం అనుకున్నాం. అప్పు ఇచ్చినవారు ఒప్పుకుంటే తప్ప మీ ఇద్దరి మధ్య రాసుకున్న మాట వారిని కట్టిపడేయదని, నేను చెల్లించలేకపోతే వారు నా భాగస్వామిని కూడా అడగగలరని ఆయన ఇద్దరికీ సమాచారంగా చెప్పారు. సలహా ఇవ్వలేదు. మీ మీ న్యాయవాదులతో మాట్లాడి రమ్మని మాత్రం అన్నారు. మాట్లాడి వచ్చాక, అప్పు ఇచ్చినవారి రాతపూర్వక అంగీకారం వచ్చేవరకు యంత్రం బదిలీ అమలు కాదన్న నిబంధన చేర్చాం. ఆ ఒక్క వాక్యం లేకపోతే, స్నేహంగా రాసుకున్న ఒప్పందమే తర్వాత కొత్త తగవుకు కారణమయ్యేది.

మధ్యవర్తిని వెతుక్కునేవారికి నేను చెప్పగలిగిన సలహాలు కొన్ని ఉన్నాయి. పాత ఉద్యోగం పేరు చూసి ఆగిపోకండి. మీ తగవు వంటివి ఇంతకుముందు నడిపారా అని, మాట ఆగిపోయినప్పుడు మీ అభిప్రాయం చెబుతారా లేక చెప్పకుండానే నడుపుతారా అని, రెండు పక్షాలలో ఎవరితోనైనా పరిచయం గానీ పాత వ్యవహారం గానీ ఉందా అని అడగండి; పరిచయం ఉంటే తమంతట తామే ముందుగా చెప్పడం మధ్యవర్తి బాధ్యత. శిక్షణ ఎక్కడ పొందారన్నదానితో పాటు, ఇప్పటికీ తోటి మధ్యవర్తులతో కూర్చుని తమ కేసులను, పేర్లు చెప్పకుండా, చర్చించుకుంటారా అని కూడా అడగండి. నేర్చుకోవడం ఆపినవారికీ ఆపనివారికీ తేడా ఆ జవాబులో తెలుస్తుంది. సాంకేతిక అంశాలు బరువుగా ఉంటే నిపుణుడిని విడిగా పెట్టుకోవచ్చో కనుక్కోండి. అన్నిటికంటే ముందు, మీ కథ విన్నాక వారు అడిగిన మొదటి ప్రశ్నను రాసిపెట్టుకోండి. ఆ ప్రశ్న మీ తగవులో దేన్ని పైకి తీస్తుందో, దేన్ని పక్కకు నెడుతుందో రెండో పక్షంతో కూర్చుని చూడండి. జాబితాలో ఉన్న అందరూ మంచివారే కావచ్చు, కానీ అందరూ మీ తగవుకు సరిపోరు.

మా ఒప్పందం చివర, ముందు ముందు తేడాలు వస్తే ఏం చేయాలో కూడా రాసుకున్నాం. లెక్కలకు సంబంధించినదైతే నేరుగా అదే అకౌంటెంటు దగ్గరికి, మిగతావైతే ఆ ఇద్దరు మధ్యవర్తుల దగ్గరికి వెళ్లాలి. వారిలో ఎవరైనా అందుబాటులో లేకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు, న్యాయవాద వృత్తి నుంచి ఒకరు, వైద్య సేవలోనో సంక్షేమ రంగంలోనో పనిచేసినవారి నుంచి ఒకరు ఉండాలన్న మాటను నా భాగస్వామే చెప్పి రాయించారు. ఆ తర్వాత ఒకసారి, పాత యంత్రం అమ్మేముందు దానికి పెట్టిన మరమ్మతు ఖర్చును ఎవరి వాటాలో చూపాలన్న తేడా వచ్చింది. అకౌంటెంటుకు బిల్లులు పంపాం, ఆయన చూసి చెప్పిన లెక్కను ఇద్దరం ఒప్పుకున్నాం. మధ్యవర్తుల దాకా వెళ్లవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.